తిరుగు లోడు

"మరి వచ్చేటప్పుడు ఏం వేసుకొస్తావురా?"

మామయ్య ఆ మాట అడిగేసరికి మౌస్ మీద నా చెయ్యి ఆగిపోయింది. బేగంబజార్‌లో ముప్పై ఏళ్లు మిర్చి, పసుపు హోల్‌సేల్ చేసిన మనిషి. పొద్దున టిఫిన్‌కి వచ్చి, నా స్క్రీన్ మీద చుక్కలూ గీతలూ చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

అంతరిక్షంలో సరుకు వ్యాపారం చేసే ఆట. దానికోసం రెండు నెలలుగా సొంతంగా ఒక రూట్ మ్యాప్ టూల్ చేసుకుంటున్నాను. టన్నుకి ఎంత ఎక్కువ మిగిలితే గీత అంత పచ్చగా కనిపిస్తుంది.

మామయ్య వేలు పెట్టింది అన్నిటికంటే పచ్చటి గీత మీద. 64 టన్నుల లోడు, ఐదు జంపులు, అంటే ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి ఐదు గెంతులు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆ స్టేషన్‌లో కొనదగ్గ సరుకే లేదు.

"ఖాళీ బండి డీజిల్ తాగదా? డ్రైవర్‌కి బత్తా ఇవ్వక్కర్లేదా?" అన్నాడు ఇడ్లీ తుంచుకుంటూ.

1984లో ఎలైట్ అని ఇలాంటిదే ఒక అంతరిక్ష వ్యాపారం ఆట వచ్చింది. అందులో ఇంధనం ట్యాంకు నిండుగా ఉన్నా 7 కాంతి సంవత్సరాలే వెళ్లగలం. దగ్గరి నక్షత్రాల మ్యాప్ మీద ఆ హద్దును ఒక్క వృత్తంతో చూపించేవాళ్లు. అంత సూటిగా చెప్పే మ్యాప్ అంటే నాకు ప్రాణం. నా రంగులు అసలు ప్రశ్ననే కప్పేశాయి.

సాయంత్రం కూర్చుని టన్ను లెక్క తీసేసి, రానూపోనూ కలిపి గంటకి ఎంత అన్న లెక్క పెట్టాను. ఆ పచ్చ గీత పదకొండో స్థానానికి జారింది. ఇన్నాళ్లూ నేను చూడని ఒక చిన్న రూటు పైకొచ్చింది. రెండే జంపులు, రెండు వైపులా లోడు.

స్క్రీన్‌షాట్ పంపితే మామయ్య వెంటనే ఫోన్ చేశాడు. "సరుకు దింపడానికి పట్టే టైమ్ కలిపావా?"

కలపలేదు. ఇప్పుడు కలుపుతున్నాను.