డేరా తలుపుల ఇళ్లు

పోయిన ఆగస్టులో పిల్లల్ని తీసుకుని మార్తాస్ విన్‌యార్డ్ దీవికి వెళ్లాం. మేముండేది మసాచుసెట్స్‌లో, వూస్టర్ దగ్గర. వుడ్స్ హోల్ దాకా కారు, అక్కణ్నుంచి పడవ. ఓక్ బ్లఫ్స్‌లో దిగి కాస్త నడిస్తే చిన్న చిన్న చెక్క ఇళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉంటాయి. గులాబీ, పసుపు, లేత నీలం. చూరు కింద లేసు అల్లినట్టు చెక్క నగిషీ. మా చిన్నోడికి ఎనిమిదేళ్లు. "అమ్మా, ఇవి బొమ్మరిళ్లా?" అన్నాడు.

నేను తలుపులు చూస్తూ ఉండిపోయాను. ఇంత చిన్న ఇంటికి ముందువైపు అంత పెద్ద రెండు రెక్కల తలుపు ఎందుకో అర్థం కాలేదు. చదివితే తెలిసింది. 1835లో మెథడిస్టులు అనే క్రైస్తవ శాఖవాళ్లు ఈ ఓక్ తోపులో డేరాలు వేసుకుని ప్రార్థనా కూటాలు మొదలుపెట్టారు. ఏటా వేసవిలో వచ్చేవాళ్లు, అవగానే డేరాలు విప్పుకుని వెళ్లిపోయేవాళ్లు. తర్వాత్తర్వాత డేరా ఉన్న చోటే, డేరా అంత వెడల్పులోనే చెక్క ఇల్లు కట్టుకోవడం మొదలైంది. ఆ తలుపులు డేరా ముందు తెరల గుర్తు. తిరనాళ్లకు వేసిన డేరాలు తీయకుండా అలాగే ఇళ్లయిపోతే ఎలా ఉంటుందో, అలా ఉందా ఊరు. ఇప్పటికీ అలాంటివి 300 దాకా ఉన్నాయి. మేమూ రెండేళ్ల ప్రాజెక్టుకని వచ్చినవాళ్లమే. పద్నాలుగేళ్లయింది. మా ఆయన, నేను ఆ తలుపుల ముందు చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ రాత్రి ప్రతి వరండాకీ రంగు కాగితాల లాంతర్లు కట్టి వెలిగించారు. 1869 నుంచి చేస్తున్న పండగ అది. "కార్తీక మాసంలో అమ్మమ్మ వాళ్లింట్లో కట్టే ఆకాశదీపంలా ఉంది" అంది మా పాప. దానికి పన్నెండేళ్లు. ఈ మాట తనంతట తను అనడం నాకెంత సంతోషమో చెప్పలేను.

ఆ 1869 గురించే పాపకి తర్వాత ఇంకో సంగతి తెలిసింది. స్కూల్లో బోస్టన్ ఆడవాళ్ల చరిత్ర మీద ప్రాజెక్టు ఇచ్చినప్పుడు, మెథడిస్టు మహిళల విదేశీ మిషనరీ సంఘాన్ని తనే ఎంచుకుంది. కారణం వాళ్లమ్మమ్మ. మా అమ్మ హైదరాబాద్ ఆబిడ్స్‌లోని స్టాన్లీ బాలికల బడిలో చదివింది. 1895లో అమెరికన్ మెథడిస్టులు పెట్టిన బడి అది. ఆ మెథడిస్టుల మహిళా సంఘం మొదలైంది ఇక్కడే, బోస్టన్‌లో, మా ఇంటికి గంట దూరంలోనే అని తెలిసి పాప ఎగిరి గంతేసింది.

1869 మార్చిలో, జోరువానలో, బోస్టన్ ట్రెమాంట్ స్ట్రీట్ చర్చికి వచ్చింది 8 మంది ఆడవాళ్లే. అంతమందితోనే సంఘం పెట్టారు. చందా వారానికి 2 సెంట్లు. ఇసబెల్లా థోబర్న్ అనే టీచరమ్మను భారతదేశం పంపాలనుకున్నారు, డబ్బు లేదు. అప్పుడు ఒకావిడ, ఖరీదైన బట్టలు మానేసి కాలికో గౌన్లతో బోస్టన్ వీధుల్లో తిరుగుదాం, ఆ మిగిలిన డబ్బుతో ఆమెను పంపుదాం అంది. కాలికో అంటే ముతక నూలు గుడ్డ. ఆ పేరు మన కోళిక్కోడ్ రేవు నుంచి వచ్చిందే.

థోబర్న్‌తో పాటు క్లారా స్వైన్ అనే డాక్టరమ్మ కూడా 1869 నవంబరులో న్యూయార్క్‌లో ఓడ ఎక్కింది. థోబర్న్ లక్నో చేరి 1870 ఏప్రిల్‌లో అమీనాబాద్ బజారులో ఆరుగురు ఆడపిల్లలతో బడి పెట్టింది. ఎవరైనా గొడవకొస్తారేమోనని గుమ్మం దగ్గర ఒక కుర్రాడు కర్ర పట్టుకుని కాపలా ఉండేవాడు. తర్వాతి ఏడాది లాల్‌బాగ్ అనే తోట, అందులో ఇల్లు కొన్నారు. ఆ బడే పెరిగి కాలేజీ అయింది.

ఇదంతా పాప నాకు ఉత్సాహంగా చదివి వినిపిస్తూ ఒక చోట ఆగిపోయింది. ఆ సంఘం నడిపిన పత్రిక పేరు 'హీదెన్ ఉమన్స్ ఫ్రెండ్'.

"అమ్మా, హీదెన్ అంటే మనమేనా?"

ఏం చెప్పను? గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. అవును, మనమే అన్నాను. దేవుణ్ని ఎరగనివాళ్లం, ఉద్ధరించాల్సినవాళ్లం అని మన గురించి అనుకున్నారు, మతం మార్చాలనే వచ్చారు. 1896లో ఆ పేరు మార్చారు గానీ, అంతకు ముందు పాతికేళ్లకు పైగా అదే పేరుతో అచ్చయింది. ఆ మాట నేను దాచదలచుకోలేదు. అంత దూరం ఓడలో వచ్చి, భాష నేర్చుకుని, బజారులో బడి పెట్టడాన్ని తక్కువ చేసి చెప్పడం కూడా నా వల్ల కాలేదు. పాప ముఖం చిన్నబోయింది. ప్రాజెక్టు మార్చేస్తానంది. బరేలీలో క్లారా స్వైన్ చేసిన పని సంగతి కూడా చదివి అప్పుడు నిర్ణయించుకో అన్నాను.

క్లారా స్వైన్ బరేలీలో పరదా చాటున ఉండే ఆడవాళ్లకు వైద్యం మొదలుపెట్టింది. మగ డాక్టరుకి నాడి చూపించని ఇళ్లవి. అనాథాశ్రమంలోని ఆడపిల్లలకు మొదటి ఏడాదే వైద్య పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. ఆసుపత్రికి స్థలం కావాలి. మిషన్ పక్కనున్న తోట రాంపూర్ నవాబుది. తన రాజ్యంలోకి మిషనరీని అడుగు పెట్టనివ్వనన్న నవాబు ఆయన. అమ్మమని అడగడానికి 1871లో రాంపూర్ వెళితే, ఈ పనికైతే ఊరికే తీసుకోండన్నాడు. సుమారు 40 ఎకరాలు. 1874లో అక్కడ ఆడవాళ్ల ఆసుపత్రి తెరిచారు.

నాకు బాగా నచ్చింది దాన్ని నడిపిన తీరు. అమెరికాలో ఉన్నట్టు వరసగా మంచాలు వేసి ఊరుకోలేదు. రోగితో పాటు ఇంటివాళ్లూ వచ్చి ఉండొచ్చు. హిందువులైనా ముస్లింలైనా ఎవరి వంట వాళ్లు, ఎవరి ఆచారం ప్రకారం వాళ్లు చేసుకోవచ్చు. ఎవరి పొయ్యి వాళ్లది. అలా కాకపోతే ఆ ఆడవాళ్లు గడప దాటి వచ్చేవాళ్లే కాదని ఆమెకు తెలుసు. హీదెన్ అని రాసిన పత్రికా, ఈ పొయ్యిలూ ఒకే సంఘానివి.

పాప ప్రాజెక్టు మార్చలేదు. "అమ్మమ్మని అడుగుతా" అంది.

ఆదివారం వీడియో కాల్‌లో అడిగేసింది. అమ్మకి ఆ ఇంగ్లీషు మాట అర్థం కాలేదు. అన్యజనులు అని నేను అందించాను. "ఓ, అదా! ప్రార్థనలో వినేవాళ్లం కదా" అంది అమ్మ. "మా టీచర్లు అప్పటికే మనవాళ్లే ఎక్కువ. బొట్టు తుడుచుకోమని ఒక్కరూ అనలేదు. జడలో మల్లెపూలు పెట్టుకునే వెళ్లేదాన్ని. కీర్తనలు ఇప్పటికీ వచ్చు. అయితే అక్కడ విన్నది ఇంట్లో చెప్పేదాన్ని కాదమ్మా. చెబితే మా నాన్న బడి మాన్పించేవాడు. ఇంట్లో మాట ఇంట్లో, బడి మాట బడిలో."

ఈ సంగతి నాతో కూడా ఎప్పుడూ అనలేదు అమ్మ.

పాప కాసేపు ఫోన్ వైపే చూసింది. "నేను కూడా అంతే అమ్మమ్మా" అంది.

ఆ రాత్రి పాప పక్కన కూర్చుని, అంతే అంటే ఏంటమ్మా అని అడిగాను. పొద్దున నేను పెట్టే బొట్టు బస్సు ఎక్కగానే తీసేస్తుందట. చిత్రాన్నం డబ్బా మూత కొంచెమే తీసి తింటుందట. స్కూల్లో తన పేరు వాళ్లు పలికినట్టే తనూ పలుకుతుందట. ఇంట్లో చెబితే నేను బాధపడతానని చెప్పలేదట. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే రెండో క్లాసు నుంచి అంది.

కోప్పడలేదు. నాకు ఏడుపొచ్చింది, అది మాత్రం ఆపుకోలేకపోయాను. బొట్టు సంగతి నీ ఇష్టం, ఇక నుంచి నేను పెట్టను అన్నాను. చిత్రాన్నం మానేయనా అని అడిగాను.

"వద్దు, అది కావాలి" అంది. "కానీ స్పూన్ పెట్టు."

సోమవారం పొద్దున డబ్బాలో స్పూన్ పెట్టాను. బొట్టు బిళ్లల అట్ట అద్దం దగ్గర, దాని చేతికి అందేలా ఉంచాను.