ఫీజు కట్టి ఆడే ఆట

"పేపర్లు దిద్దుకోవాలంటే లైబ్రరీ తెరిచే ఉంది కదా" అని వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ నాతో అన్నది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ముక్కూ మొహం తెలియని మనిషిని ఎవరూ ఒక మాట అనరు. దారి తప్పి వాళ్ళ ఇంటి ముందు కారు ఆపినా ముందు చలి గురించి నాలుగు మాటలు మాట్లాడి, ఆ తరువాతే దారి చెబుతారు. అందుకే ఆ ఒక్క వాక్యం నన్ను రెండు రోజులు నమిలింది. మా కళాశాల అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు కాన్ఫరెన్స్‌లో, అంటే కొన్ని కళాశాలలు కలిసి ఆడుకునే లీగ్‌లో, అది మొదటి ఆట. నా స్టాటిస్టిక్స్ తరగతిలో చదివే ఒక అమ్మాయి ప్రత్యేకంగా పిలిచింది కనుక వెళ్ళాను. సెమిస్టరు చివరి రోజులు కావడంతో దిద్దవలసిన జవాబు పత్రాలు కూడా తీసుకువెళ్ళాను. పని మానుకోకుండా ఆటకు రావడం గౌరవమే అవుతుందని నేను అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను.

మా జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను టెన్నికాయిట్ (రింగాట) ఆడేదాన్ని. జోనల్ పోటీలకు వెళ్ళినప్పుడు మా వెంట వచ్చింది పీఈటీ మేడం ఒక్కరే. లెక్కల మాస్టారు రాలేదు, నాన్న రాలేదు. రావాలని మేమూ అనుకోలేదు. పదో తరగతిలోకి రాగానే రింగు ఎవరో చిన్నపిల్ల చేతికి పోయింది. అది పోయిందని ఎవరూ బాధపడలేదు, నేను కూడా.

ఇక్కడి లెక్క వేరు. అమెరికన్ రివర్స్ కాన్ఫరెన్స్‌లో ఉన్నవి తొమ్మిది కళాశాలలు. ఒక్క నెబ్రాస్కా వెస్లియన్ తప్ప మిగిలినవన్నీ అయోవాలోవే: డెకోరాలో లూథర్, వేవర్లీలో వార్ట్‌బర్గ్, పెల్లాలో సెంట్రల్, సీడర్ రాపిడ్స్‌లో కో, ఇండియనోలాలో సింప్సన్, స్టార్మ్ లేక్‌లో బ్యూనా విస్టా, డుబ్యూక్ నగరంలోనే రెండు. వాటిలో ఒకదానిలో నేను పాఠాలు చెబుతాను. ప్రతి జట్టూ మిగిలిన ఎనిమిదింటితో సొంత ఊళ్ళో ఒకసారి, వాళ్ళ ఊళ్ళో ఒకసారి, మొత్తం 16 ఆటలు ఆడుతుంది. నవంబరులో బయటి జట్ల చేతిలో ఎన్నిసార్లు ఓడినా కాన్ఫరెన్స్ పట్టికలో ఆ ఓటములు కనిపించవు, అక్కడ అందరూ సున్నా నుంచి మొదలుపెడతారు. ఫిబ్రవరి చివర జరిగే కాన్ఫరెన్స్ టోర్నమెంటు గెలిచిన జట్టు జాతీయ పోటీలకు నేరుగా వెళుతుంది. సాధారణంగా బుధవారం సాయంత్రం, శనివారం మధ్యాహ్నం ఆటలుంటాయి. ముందు అమ్మాయిలది, వెంటనే అబ్బాయిలది. నెబ్రాస్కా వెస్లియన్ ఉన్న లింకన్ నుంచి డెకోరాకు రావాలంటే బస్సులో దాదాపు ఆరు గంటలు పడుతుంది. జనవరి మంచులో అర్ధరాత్రి దాటాక తిరిగి వచ్చిన పిల్లలు మరునాడు ఉదయం ఎనిమిదింటికి నా తరగతిలో కళ్ళు నలుపుకుంటూ కూర్చుంటారు.

ఇంత శ్రమకు వాళ్ళకు ముట్టేదేమిటన్నదే నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న. మన వాళ్ళు టీవీలో చూసే అమెరికా కాలేజీ ఆటలు మొదటి డివిజన్‌వి, అంటే అన్నిటికంటే పై స్థాయివి. బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి కెయిట్లిన్ క్లార్క్ 2024లో రికార్డులు బద్దలు కొట్టింది ఇదే రాష్ట్రంలో, మాకు దగ్గరలోనే ఉన్న అయోవా సిటీలో. కానీ ఆ ప్రపంచం వేరు. అక్కడ స్కాలర్‌షిప్‌లున్నాయి, 2025 నుంచి కళాశాలలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు. మాది మూడో డివిజన్. ఆట చూసి ఒక్క డాలరు కూడా ఫీజు తగ్గించకూడదన్నది ఇక్కడి నియమం. చదువుకో, ఇంటి ఆదాయానికో సాయం దొరికితే దొరకవచ్చు గానీ బంతి వేసినందుకు దొరకదు. అంటే ఈ పిల్లలు ఫీజు కట్టి, అప్పు చేసి మరీ ఆడుతున్నారు. నన్ను ఆటకు పిలిచిన అమ్మాయి నర్సింగ్ చదువుతున్నది. చదువు ముగిశాక ఆమె ఆసుపత్రిలో ఉంటుంది, ఏ జట్టులోనూ ఉండదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆమె తల్లిదండ్రులకు తెలుసు. అయినా ఆ తల్లిదండ్రులు ఇల్లినాయి నుంచి మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చి, ఆట చూసి, కూతురితో పది నిమిషాలు మాట్లాడి తిరిగి వెళ్ళిపోతారు.

ఇందులో కళాశాలకు స్వార్థం లేదనుకుంటే అది అమాయకత్వమే. చిన్న కళాశాలలకు విద్యార్థులు తగ్గిపోతున్న కాలం ఇది. ఆడే అవకాశం ఇస్తామంటేనే చేరే పిల్లలు ఇలాంటి చోట్ల చాలామంది ఉంటారు, వాళ్ళు కట్టే ఫీజులోనే నా జీతమూ ఉంది. కోచ్‌లు ఊరూరూ తిరిగి పిల్లలను వెతికి తెస్తారు. మన కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు పదో తరగతి పిల్లల కోసం ఇళ్ళ చుట్టూ తిరగడమే గుర్తుకు వస్తుంది నాకు. తేడా అల్లా, ఆ కాలేజీల్లో ఆడుకోవడానికి స్థలం ఉండదు.

ఆ పెద్దావిడ ఎవరన్నది మా డిపార్ట్‌మెంటు సెక్రటరీ తరువాత చెప్పింది. ఈ ఊరి పక్క పొలాల్లో పుట్టి పెరిగిన రైతు ఇంటి మనిషి. హైస్కూల్లో ఉండగా ఆరుగురి బాస్కెట్‌బాల్ ఆడిందట. అయోవా పల్లెల్లో అమ్మాయిలకు వేరే పద్ధతి ఉండేది: జట్టుకు ఆరుగురు, ముగ్గురు ఒక సగంలో ఉండి బుట్టలో వేయాలి, మిగిలిన ముగ్గురు రెండో సగంలో ఉండి అడ్డుకోవాలి, మధ్య గీత ఎవరూ దాటకూడదు, బంతిని రెండుసార్లకు మించి నేలకు కొట్టకూడదు. ఆడపిల్లలు మైదానమంతా పరుగెత్తలేరన్న నమ్మకంలోంచి పుట్టిన నియమాలవి. అయినా ఆ ఆట కోసం ఊళ్ళకు ఊళ్ళు తలుపులు వేసుకొని రాష్ట్ర రాజధాని డెమోయిన్‌కు తరలివెళ్ళేవి. 1920లలో అమ్మాయిల పోటీలను ఆపేద్దామని పెద్ద పాఠశాలలు అంటే, చిన్న ఊళ్ళ బడులు వేరే సంఘం పెట్టుకొని నిలబెట్టుకున్నాయి. 1993 వరకు ఆ ఆట సాగింది. ఈవిడ అడ్డుకునే వైపు ఆడింది కనుక, పోటీలో ఒక్కసారైనా బుట్ట వైపు బంతి విసిరి ఎరుగదట. అటువంటి మనిషి ముందు కూర్చొని నేను ఎర్ర ఇంకుతో టిక్కులు పెట్టుకుంటుంటే ఊరుకోలేకపోయి ఉంటుంది. ఆ మాట నాకు అర్థమైంది గానీ కోపం తగ్గలేదు.

ఎందుకంటే, ఆటకు కుటుంబాలతో తరలిరావడాన్ని వీళ్ళు సుగుణంగా చూస్తారు, దాని వెనుక ఉన్న తీరిక వీళ్ళకు కనిపించదు. బాస్కెట్‌బాల్ పుట్టిందే చలికాలం కోసం. 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, బయట ఆడలేని కుర్రాళ్ళ కోసం జేమ్స్ నైస్మిత్ జిమ్ బాల్కనీకి పీచ్ పళ్ళ బుట్టలు కట్టించి మొదలుపెట్టాడు. కాన్ఫరెన్స్ ఆటలు జోరందుకునే జనవరిలో అయోవా మొక్కజొన్న నేలలు మంచు కింద ఉంటాయి, రైతుకు సాయంత్రాలు ఖాళీ. మా జోనల్ పోటీలు సంక్రాంతికి ముందు జరిగేవి. అప్పుడు కృష్ణా డెల్టాలో కోతలు, కుప్పలు, నూర్పిళ్ళు. వాన పడకముందే ధాన్యం ఇంటికి చేరాలి. నాన్న కుప్ప వదిలి నా రింగాట చూడడానికి రావాలని ఏ పెద్దావిడ చెప్పగలదు? ఆయన రాకపోవడాన్ని నిర్లక్ష్యమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఈ వాదనంతా ఆదివారం ఫోన్లో తమ్ముడికి వినిపించాను. వాడు విజయవాడలో బ్యాంకు ఉద్యోగి. వాడి కూతురు ఎనిమిదో తరగతి, స్కూలు జట్టులో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. నా మాటంతా విని, "అక్కా, ఆ అమ్మాయికి స్కాలర్‌షిప్ ఎంత వస్తుంది?" అని అడిగాడు. ఏమీ రాదన్నాను. "మరి ఎందుకు?" అన్నాడు. మన దగ్గర ఇంజనీరింగ్ సీట్లలో ఆటల కోటా అర శాతమని, అందులో సీటు రావాలంటే జాతీయ స్థాయి సర్టిఫికెట్లున్న వాళ్ళతో పోటీ పడాలని, కనుక తొమ్మిదో తరగతి నుంచి పాప చేత ఆట మాన్పించేస్తానని ఒక పద్దు చదివినట్లు చెప్పాడు. ఆ లెక్కలో నాకు పొరపాటు దొరకలేదు. అదే లెక్క మీద నేను ఇక్కడిదాకా వచ్చాను. అయినా, వాణ్ణి కాదనాలనిపించి, "నువ్వెప్పుడైనా పాప ఆట చూశావా?" అని అడిగాను. వాడికి కోతలు లేవు, నూర్పిళ్ళు లేవు.

పోటీలన్నీ పని రోజుల్లో మధ్యాహ్నం పెడతారని, బ్యాంకు వదిలి ఎలా వెళ్ళడమని అన్నాడు. రెండో, నాలుగో శనివారాల్లో పెడితే తప్పకుండా వెళ్ళేవాణ్ణని కూడా అన్నాడు. ఆ శనివారాల్లో బ్యాంకుకు సెలవే. పాపకు మాత్రం ఐఐటీ ఫౌండేషన్ క్లాసులుంటాయి.