నల్లగొండలో దరఖాస్తుల ఆదివారం

ఆదివారాలు నల్లగొండలో మేము ట్రాన్స్‌జెండర్ అక్కల గుర్తింపు దరఖాస్తులు నింపుతాము. 2014లో సుప్రీంకోర్టు జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) కేసు తీర్పులో వారిని మూడో జెండర్‌గా గుర్తించినా, ధ్రువపత్రం ఇచ్చే బాధ్యతను 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు, అప్పగించడంతో పనంతా కాగితాల చుట్టూనే తిరుగుతుంది.

మొన్న ఒక పెద్దక్క కొంగుముడి విప్పి, నలిగిన ఆధార్ కార్డు తీసి, పాత పేరు మీద బొటనవేలు ఆనించి, "పైకి చదవకు బిడ్డా, చూసి రాసుకో" అన్నది. అంతకుముందు ఇటువంటి జంకును నేను మొండితనమనుకునేవాడిని. నా తెలివి అంతే. పేరు సర్కారు కాగితాలకెక్కడమంటే ఉండే భయం అంత తేలిగ్గా పోతుందా? హిజ్రాల పేర్లను రిజిస్టరుకెక్కించమన్న 1919 నాటి నిజాం చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023లోనే కదా!

వచ్చే వారం దేవరకొండ నుంచి మరో ముగ్గురిని తీసుకొస్తానన్నది. ఫోటోలు మాత్రం పట్టుచీరలోనే దిగుతారట.