నెగెటివ్ అన్నారు

హెచ్‌ఐవీ గురించి చెప్పడానికి యూనివర్సిటీ మాకు కేటాయించింది ఏడాదికి ఒక గంట. డిసెంబర్ 1న ఎర్ర రిబ్బన్లు, ఒక ర్యాలీ, ఆపైన నిగ్రహం మీద ఉపన్యాసం. వైరస్ ఎలా సోకుతుందో చెప్పారు, కాదనను. కండోమ్ చిరిగితే తెల్లారి ఎక్కడికి పరుగెత్తాలి, ఎన్ని గంటల్లోపు పరుగెత్తాలి, ఏ పరీక్షను ఎన్నాళ్లకు నమ్మాలి అన్నవి మాత్రం ఎవరి నోటా రాలేదు. నాకు చిరిగింది. ఇప్పుడు నా రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువగా ఉంది, భయం తగ్గింది, తీరిగ్గా కోప్పడే వీలు చిక్కింది.

కొన్ని వారాలకు జ్వరం పట్టుకుంది. గొంతు నొప్పి, మెడకు రెండు పక్కలా బిళ్లలు, ఛాతీ మీద ఎర్రటి దద్దు, నోట్లో పుండ్లు. వైరల్ ఫీవర్ అన్నారు. వైరల్ ఫీవరే, ఏ వైరస్సో చూడలేదంతే. హెచ్‌ఐవీ సోకిన 2 నుంచి 4 వారాల్లో చాలామందికి ఇలాంటి జ్వరం వస్తుంది, కొందరికి ఏమీ రాదు. ఫ్లూకీ దీనికీ తేడా పట్టడం కష్టమే. అయినా దద్దు, నోటిపుండ్లు, బిళ్లలు మూడూ కలిసి కనిపించినప్పుడు డాక్టరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ నెలన్నరలో రిస్కు ఏమైనా జరిగిందా అని. పక్కన నాన్న కూర్చుని ఉంటే ఆ ప్రశ్న రాదు, వచ్చినా జవాబు రాదు. ఆయన్ని రెండు నిమిషాలు బయట కూర్చోమంటే సరిపోయేది.

మర్నాడు ఒక్కడినే వెళ్లి పరీక్ష నేనే అడిగి చేయించుకున్నాను. వేలికొసన సూది గుచ్చారు, స్ట్రిప్ మీద ఒక్క గీతే వచ్చింది. ల్యాబ్‌లో ఉన్నాయన నవ్వుతూ, "నెగెటివ్ తమ్ముడూ, నీకేం లేదు. పో, హాయిగా నిద్రపో" అన్నాడు.

ఆ మాట మీద నాకు ఇంకా కోపం పోలేదు. ఆ స్ట్రిప్ వెతికేది వైరస్‌ని కాదు, దాని మీద మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను. అవి పరీక్షకు దొరికేంతగా పెరగడానికి 23 నుంచి 90 రోజులు పడుతుంది. నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే నాలుగో తరం పరీక్ష పీ24 అనే వైరస్ ప్రోటీన్‌ను కూడా చూస్తుంది కాబట్టి 18 నుంచి 45 రోజుల్లో పట్టేస్తుంది. నేరుగా వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే న్యాట్ పరీక్షకు 10 నుంచి 33 రోజులు చాలు. అన్నిటికంటే ముందు పట్టేది అదే, మొదటి పది రోజుల్లో అదీ పట్టలేదు. అసలు దారుణం ఏమిటంటే, స్ట్రిప్ నెగెటివ్ చూపించే ఆ జ్వరం రోజుల్లోనే రక్తంలో వైరస్ అత్యధికంగా ఉంటుంది, ఎదుటివాళ్లకు సోకే ప్రమాదమూ అప్పుడే ఎక్కువ. ఆయన అనాల్సింది ఇంతే: "ఇది యాంటీబాడీ పరీక్ష. ఇవాళ్టి నెగెటివ్ చివరి మాట కాదు. మూడు నెలలు నిండాక మళ్లీ రా. ఈలోపు కండోమ్ లేకుండా వద్దు, రక్తదానం వద్దు." ఇది చెప్పడానికి అర నిమిషం పట్టదు.

నెలల తర్వాత నడుముకి ఒక పక్కన సర్పి లేచింది. ఈ వయసులో సర్పి ఏమిటని, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గిందేమోనని చర్మవ్యాధుల డాక్టరుగారికి అనుమానం వచ్చింది. తలుపు వేసి, "ఎవరితో, ఎలా అని నేను అడగను బాబూ. ఎప్పుడు అన్నది మాత్రం చెప్పు" అన్నారు. ఆవిడకి రుణపడి ఉన్నాను. ఈసారి రెండు గీతలు పడ్డాయి. ఒక్క పరీక్షతో ఖాయం చేయకూడదు, వేర్వేరు కిట్లతో మళ్లీ చూడాలి, రేపు రమ్మన్నారు.

ఆ రాత్రి హాస్టల్ గదిలో నేను భయపడింది చావు గురించి కాదంటే నమ్మరు. దోమల గురించి. నన్ను కుట్టిన దోమ లేచి వెళ్లి పక్క మంచం మీద నిద్రపోతున్న నా రూమ్మేట్‌ని కుడుతుందని. తువ్వాలు పట్టుకుని వాడి తల దగ్గర కూర్చుని తెల్లారేదాకా తోలాను. మధ్యలో వాడు ఒకసారి కళ్లు తెరిచి, "ఏంట్రా?" అని అటు తిరిగి పడుకున్నాడు. దోమ కుట్టేటప్పుడు మనలోకి వదిలేది దాని లాలాజలాన్ని, అంతకుముందు తాగిన రక్తాన్ని కాదు. హెచ్‌ఐవీ దోమలో పెరగదు, దాని కడుపులో అరిగిపోతుంది. రక్తం, వీర్యం, అంతకుముందు వచ్చే స్రావం, యోని స్రావం, మలద్వార స్రావం, తల్లిపాలు, వీటి ద్వారానే సోకుతుంది. ఉమ్ము, చెమట, కన్నీళ్లు, ఒకే కంచం, ఒకే బాత్రూమ్, వీటితో సోకదు. డిసెంబర్ 1 ఉపన్యాసంలో ఎలా సోకదో కూడా చెప్పి ఉంటే నేను ఆ రాత్రి పడుకునేవాణ్ని.

ఖాయమైంది. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క), వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరుకు), హెపటైటిస్ బీ, సీ, టీబీ లక్షణాల విచారణ, అన్నీ చకచకా అయిపోయాయి. అదే వారంలో మాత్ర మొదలు. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన ఒక్క మాత్ర, రోజుకొకటి. కౌన్సెలింగ్ గదిలో ఒకాయన "ఇంత చదువుకున్నవాడివి, నీకెలా వచ్చిందయ్యా?" అన్నాడు. వైరస్ మార్కుల లిస్టు చూసి రాదు సార్ అనాలనిపించింది, అనలేదు. అక్క మాత్రం ఊరుకోలేదు, అక్కడే గట్టిగా అడిగేసింది.

మాత్ర గురించి ఎవరూ సరిగా చెప్పని సంగతులు చెబుతాను. రాత్రి వేసుకుంటే కొందరికి నిద్ర పట్టదు, ఉదయానికి మార్చుకుంటే సర్దుకుంటుంది. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్ డోలుటెగ్రావిర్‌ను పొట్టలోనే పట్టేసుకుని రక్తంలోకి వెళ్లనివ్వదు. అందుకే మాత్ర యాంటాసిడ్‌కి 2 గంటల ముందైనా, 6 గంటల తర్వాతైనా పడాలి. ఐరన్, కాల్షియం బిళ్లలకూ ఇదే లెక్క, కాకపోతే అన్నంతో పాటైతే రెండూ కలిపి వేసుకోవచ్చు. మొదటి వారాల్లో క్రియాటినిన్ కాస్త పెరిగితే హడలిపోవద్దు. ఈ మందు క్రియాటినిన్‌ను మూత్రంలోకి వదలడం తగ్గిస్తుంది, అంతమాత్రాన కిడ్నీ చెడినట్టు కాదు, డాక్టరు చూసి తేలుస్తారు. టీబీకి రిఫాంపిసిన్ వాడాల్సి వస్తే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు కావాలి. హెపటైటిస్ బీ ఉన్నవాళ్లు సొంతంగా మాత్ర మానేస్తే కాలేయం తీవ్రంగా దెబ్బతినొచ్చు, ఎందుకంటే ఇందులోని రెండు మందులు ఆ వైరస్‌నూ అణిచిపెడుతుంటాయి.

అమ్మ కొన్నాళ్లు నా కంచం వేరు పెట్టింది. నాన్న నాతో మాట్లాడలేదు గానీ, మాత్ర టైముకి తన ఫోన్‌లో అలారం పెట్టుకున్నాడు. ఇద్దర్నీ ఒకే తీరుగా క్షమించడం నావల్ల కాలేదు. దేవుడే కాపాడాడు అంటుంది అమ్మ. కాదనను, కానీ నా దణ్ణం 1996లో మూడు మందులు కలిపి వాడితే వైరస్ లొంగుతుందని తేల్చినవాళ్లకు కూడా. వైరల్ లోడ్ మిల్లీలీటరు రక్తానికి 200 కాపీల లోపు నిలకడగా ఉన్నవాళ్ల నుంచి సెక్స్ ద్వారా ఎదుటివారికి సోకదు. పార్ట్‌నర్ అధ్యయనం రెండో దశలో, 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఒకరికి హెచ్‌ఐవీ ఉండి చికిత్సలో ఉన్న పురుష జంటలు కండోమ్ లేకుండా దాదాపు 76 వేల సార్లు కలిసినా భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు. మాత్ర మానితే మాత్రం కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ లేస్తుంది, అది కొన్ని కణాల్లో నిద్రాణంగా దాక్కుని ఉంటుంది కాబట్టి.

ఇక యూనివర్సిటీలో చెప్పాల్సినవి. కండోమ్ చిరిగినా, జారినా, బలవంతం జరిగినా పెప్ ఉంది, అంటే రిస్కు జరిగాక వైరస్ సోకకుండా వాడే మందులు. 72 గంటల్లోపు మొదలవ్వాలి, ఎంత తొందరగా అయితే అంత మేలు, 28 రోజులు ఆపకుండా వాడాలి. లోపలికొచ్చిన వైరస్ లింఫ్ గ్రంథుల్లో పాతుకుపోకముందే అడ్డుకోవాలి, ఆ గడువు అందుకే. శుక్రవారం రాత్రి జరిగినదానికి సోమవారం హెల్త్ సెంటర్ తెరిచేదాకా ఆగడం, వికారం పుట్టిందని సగంలో మానేయడం, ఎక్కువగా చెడేది ఈ రెండిటి దగ్గరే. సెలవు రోజున కూడా పెప్ ఎక్కడ దొరుకుతుందో ఆ ఒక్క అడ్రసు ప్రతి హాస్టల్ గోడ మీద ఉండాలి.

రిస్కు తరచూ ఉన్నవాళ్లకు ప్రెప్, అంటే సోకకుండా ముందునుంచే వాడే మందు. మొదలుపెట్టేముందు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, కిడ్నీ పరీక్షలు తప్పనిసరి. నాకొచ్చినలాంటి జ్వరం ఉన్నప్పుడు స్ట్రిప్ నెగెటివ్ చూసి ప్రెప్ మొదలుపెట్టకూడదు, అప్పటికే సోకి ఉంటే ప్రెప్ మాత్రలోని మందులకే వైరస్ నిరోధకత తెచ్చుకోవచ్చు, అంటే ఆ మందులకు లొంగకుండా పోవచ్చు. రోజువారీ మాత్రతో గరిష్ఠ రక్షణ రావడానికి మలద్వార సంపర్కానికి 7 రోజులు, యోని సంపర్కానికి 21 రోజులు పడుతుంది. ప్రెప్‌గా ఆరు నెలలకోసారి వేసే లెనకాపవిర్ ఇంజెక్షన్‌కి అమెరికాలో 2025లో అనుమతి వచ్చింది.

కండోమ్ పాఠం బొమ్మ మీద, చేతులతో చేయించాలి. తేదీ చూడాలి, ప్యాకెట్ నొక్కితే లోపల గాలి తగలాలి, పళ్లతో చింపకూడదు. కొస నొక్కి గాలి తీసి తొడగాలి, గాలి మిగిలితే చిరిగిపోవచ్చు. నూనె, పెట్రోలియం జెల్లీ కండోమ్ రబ్బరైన లేటెక్స్‌ను కొన్ని నిమిషాల్లోనే బలహీనం చేస్తాయి, నీటి ఆధారిత లేదా సిలికాన్ ఆధారిత జెల్ వాడాలి. ఒకదానిపై ఒకటి రెండు తొడగకూడదు, పర్సులో నెలల తరబడి మోయకూడదు. బయటకు తీసేటప్పుడు మొదలు పట్టుకుని తీయాలి. ప్రశ్నలు చేతులెత్తి అడగమంటే ఎవరూ అడగరు. పేరు లేని చీటీలు తీసుకుంటే అసలు సందేహాలు బయటికొస్తాయి. ఉచిత కండోమ్‌ల పెట్టె వార్డెన్ గది ముందు పెడితే ఎవరూ తీయరు, బాత్రూమ్‌ల దగ్గర ఎండా తేమా తగలని మూలన పెట్టాలి. నింపే బాధ్యత ఎవరిదో, వారంలో ఏ రోజున నింపాలో దాని మీద రాసి ఉండాలి, లేకపోతే రెండో నెలకి అందులో చిత్తు కాగితాలే ఉంటాయి.