రెండు గ్లాసులు ఆయనకి, ఒకటి నాకు

రిపోర్టు నిన్న సాయంత్రం చేతికొచ్చింది. హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష, 6.8. ఆగస్టులో 8.9 ఉండేది. కవరు ఇస్తూ ల్యాబులో కుర్రాడు "బాగా తగ్గింది సార్" అన్నాడు. వాడి చేతిలో యాభై రూపాయలు పెట్టబోయి, బాగుండదని మానుకున్నాను.

మాది గుంటూరు. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి, అరవై రెండు నిండాక జూన్ 30న రిటైరయ్యాను. జులై 12న మా ఆవిడ అమ్మాయి పురిటికని అమెరికా వెళ్ళింది, ఆర్నెల్లకు. పన్నెండు రోజుల తేడాలో బడి గంటా పోయింది, వడ్డించే చెయ్యీ పోయింది.

గంట సంగతి చెప్పాలి. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం గంట కొడితే క్యారేజీ విప్పేవాణ్ణి, మళ్ళీ గంట కొడితే మూసేవాణ్ణి. మధ్యలో ఆకలేసినా చేతిలో చాక్‌పీసు ఉండేది. ఇప్పుడు పదకొండయ్యేసరికి చెయ్యి దానంతట అదే జంతికల డబ్బాలోకి పోతోంది. దానికితోడు జులై అంతా సన్మానాలు. ప్రతి సన్మానం వెనకా భోజనం, ప్రతి భోజనంలో రెండు స్వీట్లు. ఆ పైన మా వీధి చివర కర్రీ పాయింటు. కుక్కర్లో అన్నం పడేసుకుని, కూర, పప్పు, వేపుడు అక్కణ్ణుంచి కవర్లలో తెచ్చుకునేవాణ్ణి. కవరు గిన్నెలోకి వంపాక అడుగున అంటుకుని మిగిలేది చూడండి ఎప్పుడైనా. ఎర్రటి నూనె. నేను నెల రోజులు చూశాను, తిన్నాను.

ఆగస్టుకల్లా రాత్రి నాలుగుసార్లు లేవడం, పొద్దున లేస్తే కాళ్ళు లాగడం. రక్తం ఇచ్చాను. షుగర్ అన్నారు. డాక్టర్ గారు రెండు నిమిషాల్లో మెట్‌ఫార్మిన్ రాసి, "డైటీషియన్ని కలిసి వెళ్ళండి" అన్నారు. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

డైటీషియన్ గది అన్నారు కానీ అది గది కాదు. ఓపీ హాల్లో ఒక మూల ఆకుపచ్చ కర్టెను కట్టి, అటు ఒక బల్ల, రెండు కుర్చీలు వేశారు. కర్టెనుకి ఇటు బెంచీల మీద పది పన్నెండు మంది. లోపల దగ్గినా బయటికి వినిపిస్తుంది. మనిషి తిండి గురించీ రోగం గురించీ అడిగేచోట ఒక తలుపు పెట్టించలేరా? ఫీజు మాత్రం విడిగా కట్టించుకున్నారు.

ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లల్లో ఎవరో అన్నట్టే ఉంది. "కూర్చోండి అంకుల్" అంది. ముప్పై నాలుగేళ్ళు మాస్టారూ అనిపించుకున్న చెవులకి ఆ అంకుల్ ఎలా ఉంటుందో ఇంకో మాస్టారికే తెలుస్తుంది.

"పొద్దున టిఫిన్ ఏం తింటారు?"

"ఇడ్లీ."

"ఎన్ని?"

"పెట్టినన్ని."

పెన్ను కాగితం మీద ఆనింది కానీ ఏమీ రాయలేదు. "మధ్యాహ్నం అన్నం ఎంత?"

"మామూలుగానే."

"మామూలు అంటే ఎన్ని కప్పులు అంకుల్?"

"మాది కప్పులతో కొలుచుకు తినే ఇల్లు కాదమ్మా."

"నూనె నెలకి ఎన్ని లీటర్లు వాడతారు?" తెలీదు. "ఉప్పు ప్యాకెట్టు ఎన్నాళ్ళొస్తుంది?" తెలీదు. "పచ్చడి రోజూ తింటారా?" హమ్మయ్య, అది తెలుసు. రోజూ. అయిదు ప్రశ్నల పేపర్లో ఒక్కదానికే మార్కు పడింది. కర్టెను అవతల ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

"మా ఆవిడ. ఇప్పుడు అమెరికాలో ఉంది."

"అయితే ఒకసారి ఫోన్ చేయండి."

గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. న్యూజెర్సీలో రాత్రి రెండు. పడుకుని ఉంటుందమ్మా అన్నాను, తప్పించుకుందామని. ఆ అమ్మాయి కదల్లేదు. వాట్సాప్‌లో చేస్తే రెండో రింగుకే ఎత్తింది. పది రోజుల పసిగుడ్డు పడుకోనిస్తే కదా.

"ఏవండీ, ఏమైంది?" గుసగుసగా అడిగింది, ఒళ్ళో పాప ఉన్నట్టుంది. వీడియో కాల్, స్పీకరు ఫుల్లుగా ఉంది, తగ్గించడం ఎక్కడో నాకు చేతకాలేదు. ఈలోగా ఆ అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ అందుకుని, "ఆంటీ, అంకుల్ రోజుకి అన్నం ఎంత తింటారు?" అంది.

మా ఆవిడ ఒక్క క్షణం ఆలోచించలేదు. "పగలు మూడు గ్లాసులు పోస్తానమ్మా. రెండు గ్లాసులు ఆయనకి, ఒకటి నాకు. రాత్రి రెండున్నర. అందులో ఒకటిన్నర ఆయనకే."

"నూనె?"

"నెలకి నాలుగు ప్యాకెట్లు. వేపుడు లేకపోతే ముద్ద దిగదు కదా."

"పచ్చడి?"

"మొదటి వాయి పచ్చడితోనే. పప్పులోకి ఆవకాయ వేరే. మళ్ళీ పెరుగన్నంలోకి మాగాయ."

"ఎన్నిసార్లు వడ్డించుకుంటారు?"

"మూడోసారి వద్దంటారమ్మా. వద్దంటూనే కంచం ముందుకు జరుపుతారు."

హాలంతా గొల్లుమంది. గుసగుసగా చెప్పిన మాట అంతమందికి వినబడడం నేనెక్కడా చూడలేదు. చివర్లో ఆవిడ నన్ను కాపాడదామనుకుంది కాబోలు, "మనిషి మంచివారేనమ్మా, ఏం పెట్టినా తింటారు" అంది. అది మిగతావాటికంటే ఎక్కువ తగిలింది.

ఆ అమ్మాయి ఇచ్చిన జిరాక్సు కాగితం గురించి కూడా చెప్పకుండా వదలను. అంతా ఇంగ్లీషు. ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, ఆలివ్ ఆయిల్, బ్రకోలీ. బ్రాడీపేటలో కూర్చుని గుంటూరు మనిషికి బ్రకోలీ రాయడం ఏమిటి? దొండకాయ ఏం పాపం చేసింది? ఆ మాటే పైకి అన్నాను. ఉడుకుమోత్తనం అనుకోండి. అందుకామె నవ్వి, కాగితం వెనక్కి తిప్పి పెన్నుతో ఒక గుండ్రం గీసింది. సగానికి గీత కొట్టి 'కూర' అని రాసింది. మిగతా సగాన్ని మళ్ళీ సగం చేసి ఒకదాంట్లో 'అన్నం', ఒకదాంట్లో 'పప్పు/గుడ్డు/చేప' అని రాసింది. కింద 'ముందు కూర, తర్వాత అన్నం. నూనె మనిషికి నెలకి అర లీటరు. ఉప్పు మొత్తం రోజుకి ఒక చిన్న చెంచా, పచ్చడిలోది కూడా లెక్కే' అని. వృత్తంలో సగం, పావు, పావు. ఆరో తరగతి భిన్నాలు. ఈ పాఠం నేను ఎన్ని వందలసార్లు బోర్డు మీద గీసి ఉంటానో.

బయటికొస్తుంటే బెంచీ మీద ఒక పెద్దావిడ, "ఏమనుకోకు నాయనా, మా ఇంటాయనా అంతే" అంది. చెప్పులు వెతుక్కునే మిషతో తల ఎత్తకుండా వచ్చేశాను.

ఇంటికొచ్చి బియ్యం డబ్బా తెరిచాను. ఆ గ్లాసు లోపలే ఉంది, అంచు సొట్టపోయిన చిన్న స్టీలు గ్లాసు. నిండా బియ్యం కొలుచుకుని కవర్లో పోసి, కిరాణా కొట్టుకి పట్టుకెళ్ళి కాటా మీద పెట్టించాను. "ఏం మాస్టారూ, కొన్న బియ్యం మళ్ళీ తూకం వేయిస్తున్నారు, అనుమానమా?" అన్నాడు. 120 గ్రాములు. పగలు రెండు, రాత్రి ఒకటిన్నర, వెరసి 420 గ్రాముల బియ్యం, రోజూ. నెలకి పన్నెండు కిలోల ఆరొందలు. అంటే పాతిక కిలోల బస్తాలో సగం నేనొక్కణ్ణే. నూనె ఇద్దరికి నాలుగు లీటర్లంటే నా వాటా రెండు, ఉండాల్సింది అర. ఎవరి పిల్లలకో చక్రవడ్డీ నేర్పుతూ నా కంచంలో ఏం పోగుపడుతోందో చూసుకోలేదు. ఆ రాత్రి సిగ్గుతో అన్నం సహించలేదు. అలా మొదలైంది డైటింగు.

తర్వాతిది పెద్ద కథేం కాదు. నడక ఎన్‌టీఆర్ స్టేడియంలో, పొద్దున ముప్పావు గంట. మాత్రలు మానలేదు, ఎవరు చెప్పినా మానకండి. ఆ మధ్య మన వైపు అందర్నీ ఊపేసిన కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ చెయ్యమని ఇద్దరు మిత్రులు వెంటపడ్డారు. స్టేడియంలో మూడు రౌండ్లు వాళ్ళకి ఎదురు దిశలో నడిచి తప్పించుకున్నాను.

ఒక గ్లూకోమీటరు కొని, లెక్కల మాస్టారు చెయ్యాల్సిన పని చేశాను. పాత హాజరు పట్టీలో గడులు గీసి, తిన్నదీ, రెండు గంటల తర్వాత వచ్చిన అంకే రాశాను. నాలుగు ఇడ్లీలు, నెయ్యి, కారప్పొడి: 221. ఇడ్లీ రవ్వ అంటే బియ్యమే కదా. అందరూ అమృతం అని చెప్పే రాగి జావ, పెద్ద గ్లాసుడు: 238! మెత్తటి పిండి కాచి తాగితే నమిలే పనీ లేదు, అరిగించే పనీ తక్కువ, గబగబా రక్తంలోకే. రెండు పెసరట్లు, కాస్త అల్లం పచ్చడి: 162. కొర్రన్నం కంచం నిండా పెట్టుకుంటే తెల్లన్నానికీ దానికీ పెద్ద తేడా రాలేదు, సగానికి తగ్గిస్తేనే వచ్చింది. పైగా నానబెట్టకుండా వండానేమో, రెండు రోజులు కడుపు రాయి. ఇవి నా ఒంటి లెక్కలు, మీవి వేరేగా రావచ్చు. కానీ చిరుధాన్యాలు అమ్మేవాడు చెప్పిన లెక్క కంటే ఇవి నయం. తిన్న రెండు గంటలకి 180 లోపు ఉండాలని డాక్టర్ గారు చెప్పారు. ఆ గీత దాటినవాటికి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను.

చివరికి బియ్యం మార్చలేదు. బాపట్ల పరిశోధనలో పుట్టిన బీపీటీ 5204, అదే మన సాంబమసూరి, వదిలి నేనెక్కడికి పోతాను? అదే సింగిల్ పాలిష్ తెచ్చుకున్నాను. పగలు ముప్పావు గ్లాసు. రాత్రి రెండు పుల్కాలు, లేదా గుగ్గిళ్ళు.

కూరలే కష్టం. రైతుబజారులో మొదటి రోజు ముదురు బీరకాయలు ఏరుకుంటుంటే, అమ్మే ఆవిడ జాలిపడి గోటితో గిచ్చి చూడమని నేర్పింది. గోరుచిక్కుడుకి నార తియ్యాలని కూరంతా వండి నోట్లో పెట్టుకున్నాక తెలిసింది. ఇప్పుడు రెండు కొసలూ తుంచి, పక్కన నార దారంలా లాగేసి, అంగుళం ముక్కలు విరుస్తాను. ఉప్పేసి ఉడకబెట్టి, ఒక్క చెంచా నూనెలో తాలింపు, వెల్లుల్లి రెండు దంచి, పైన వేయించిన నువ్వుల పొడి. ఒక పెద్ద గిన్నెడు. అన్నం జోలికి వెళ్ళకముందే అందులో సగం ఉత్తదే తినేస్తాను. మొదట్లో ఉత్త కూర తినడం ఆసుపత్రి తిండిలా ఉండేది. మూడోవారానికి ఆకలే అలా వేయడం మొదలెట్టింది.

పచ్చడి విషయంలో నాకో వాదన ఉంది. గుంటూరు కారం అంటూ అందరూ మిరపకాయ మీద పడతారు. మిరపకాయ ఏ షుగరూ పెంచదు. పచ్చడిలో ఉప్పూ నూనే ఒక ఎత్తు, అది వెంటబెట్టుకొచ్చే అన్నం ఒక ఎత్తు. పండుమిరప పచ్చడి చెంచాడు వేసుకుంటే, ఆ కారం చల్లారడానికి నాలుగు ముద్దలు ఎక్కువ పోతాయి. అందుకే ఇప్పుడు పచ్చడి ఆదివారం ఒక్కరోజే, పెసరట్టు అంచున. కర్రీ పాయింటు వైపు మాత్రం వెళ్ళను. అతను కనిపిస్తే "ఏం మాస్టారూ, కనబడట్లేదు" అంటాడు. "బాకీ ఏం లేదుగా" అంటాను.

నవంబరు మొదటివారంలో జారాను, అదీ చెప్పాలి. శిష్యుడి గృహప్రవేశం. పులిహోర, బూరెలు, బూరెలో గుంట చేసి నెయ్యి. ఆ రాత్రి మీటరు 274 చూపిస్తే పట్టీలో రాయబుద్ధి కాలేదు. మర్నాడు రాశాను. ఎలాగూ హెచ్‌బీఏ1సీ చూసేది రక్తంలో ఎర్రకణాలకి అంటిన చక్కెరని. ఎర్రకణం బతికేది నూట ఇరవై రోజులు, అన్నాళ్ళ తిండినీ అది మోస్తుంది. పరీక్షకి ముందు రెండు రోజులు పస్తుండి దాన్ని మోసం చెయ్యలేం. పిల్లలు కాపీ కొట్టడానికి వీల్లేని పరీక్ష ఒకటి ఉంటే బాగుండునని సర్వీసంతా అనుకున్నాను. ఇదిగో, నాకే దొరికింది.

బరువు 84 నుంచి 77కి వచ్చింది. రిటైర్మెంటు రోజు కుట్టించిన ప్యాంటు ఇప్పుడు బెల్టు లేకుండా నిలబడదు. రాత్రి ఒక్కసారే లేస్తున్నాను.

రిపోర్టు ఫోటో తీసి మా ఆవిడకి పంపాను. కంచం చూపించమంది. పొట్లకాయ పెసరపప్పు కూర, పక్కన పిడికెడు అన్నం, ఉడికించిన గుడ్డు. ఫోన్ దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఎవరు చేసిపెట్టారు?" అంది. నేనే అంటే నమ్మలేదు. పొట్లకాయ మీద తెల్లపొడి గీకానా లేదా అని అడిగింది. గీకానన్నాక నమ్మింది. కాసేపాగి, "పాపం చిక్కిపోయారండీ, నేనొచ్చాక చూసుకుంటాలెండి" అంది.

జనవరి 8న హైదరాబాదులో దిగుతుంది. వాళ్ళ చెల్లెలు ఇప్పటికే అరిసెల పిండి గురించి ఫోన్లు చేస్తోంది. నా మళ్ళీ పరీక్ష మార్చిలో. సొట్ట గ్లాసు మాత్రం బియ్యం డబ్బాలోంచి తీసి, నా పుస్తకాల బీరువాలో పెట్టి తాళం వేశాను.