పోపు పడని లెచో

"అమ్మా, ఇందులో ఆవాలు వేయొద్దు. కరివేపాకు కూడా వద్దు. ఇది లెచో, కూర కాదు."

మా అమ్మాయి పోపుల పెట్టె మూత పెట్టేసి మరీ చెప్పింది. బుడాపెస్ట్‌లో పుట్టిన పిల్ల, మూడో తరగతి చదువుతోంది. మిరపకాయలు, టమాటాలతో చేసే ఈ హంగేరీ వంటకం, లెచో, తనకు బడి భోజనంలో అలవాటైంది. ఇంట్లోనూ అలాగే ఉండాలంటుంది.

నాకు మనసు చివుక్కుమంది. ఏ కూరగాయైనా మా పొయ్యి ఎక్కిందంటే పోపు పడాల్సిందేనని నా పట్టుదల. పోపు వాసన వస్తేనే అది మా ఇల్లని నాకు అనిపిస్తుంది. అదే వద్దంటే, వద్దన్నది ఆవాలనొక్కటే కాదేమో అనిపించింది. అయినా ఆ రోజు తను చెప్పినట్టే వండాను.

వండటం కష్టం కాదు గానీ వరస తప్పకూడదు. ఎండాకాలం చివర్లో, ఆగస్టు, సెప్టెంబరుల్లో, ఇక్కడి బజారు నిండా లేత పసుపు రంగు మిరపకాయలు వస్తాయి. కండ ఎక్కువ, కారం తక్కువ. మన ఆవకాయలాగే ఆ రోజుల్లో లెచో వండి సీసాల్లో పెట్టి చలికాలానికి దాచుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. కిలో మిరపకాయలకు అరకిలో టమాటాలు, రెండు పెద్ద ఉల్లిపాయలు. ఇక్కడివాళ్లు చాలామంది పంది కొవ్వులో మొదలుపెడతారు, నేను పొద్దుతిరుగుడు నూనె వాడతాను. ఉల్లిపాయ బాగా మెత్తబడ్డాక గిన్నె దించి, అప్పుడు పాప్రికా పొడి, అంటే ఇక్కడి ఎర్ర మిరప పొడి, వేయాలి. అందులో తీపి ఉంటుంది కాబట్టి మంట మీద చిటికెలో మాడి చేదెక్కుతుంది. వెంటనే మిరపకాయ ముక్కలు వేసి మళ్లీ పొయ్యెక్కించాలి. అవి కాస్త మగ్గాక తొక్క తీసిన టమాటాలు, ఉప్పు. నీళ్లు పోయక్కర్లేదు. రొట్టెతో తింటారు, గుడ్లు కొట్టి కలుపుతారు. కొందరు బియ్యం వేసి కూడా ఉడికిస్తారు, అది తెలిసి నాకు ఎంత ఊరటగా అనిపించిందో!

తింటూ మా అమ్మాయి సెగెద్ పాప్రికా గురించి చెప్పింది. ఆల్బర్ట్ సెంట్ జ్యోర్జీ అనే శాస్త్రవేత్త ఆ ఊళ్లోనే పాప్రికా నుంచి విటమిన్ సి తీశాడట, 1937లో ఆయనకు నోబెల్ వచ్చిందట. 'మన' సైంటిస్ట్ అంది. నేను గుంటూరు మిర్చి గురించి చెప్పాను. మిరప మనకు పోర్చుగీసువాళ్ల వల్ల, వీళ్లకు తురుష్కుల కాలంలో వచ్చిందని, రెండింటి పుట్టిల్లూ అమెరికా ఖండమేనని చెప్పాను. శ్రద్ధగా వింది. "మరి అమ్మమ్మ పంపిన కారం ఎందుకంత మండుతుంది?" అని అడిగింది. ఇక్కడివాళ్లు కారం లేని రకాలను ఏరి పెంచుకుంటూ వచ్చారని చెప్పాను.

తోటి తల్లులు అడిగితే నేను ఒకటే చెబుతాను. పిల్లలు ఇష్టపడే ఇక్కడి వంటను మన మసాలాతో మార్చకుండా, దాని పద్ధతిలోనే వండిపెట్టండి. వాళ్ల రుచిని మనం గౌరవిస్తే మన గుత్తి వంకాయనూ వాళ్లు అలాగే గౌరవిస్తారు. ఇది నిజంగా నమ్మే చెబుతున్నాను. కానీ ఆఫీసు నుంచి వచ్చి వండేది రాత్రి ఒక్క పూటే. అందులో ఒక రోజు లెచోకి, ఒక రోజు ఇక్కడి చిక్కటి బంగాళదుంప కూర ఫ్యోజెలేక్‌కి పోతే, గోంగూర పప్పు రుచి తన నాలుకకు ఎప్పుడు పడుతుంది? ఫోన్లో అమ్మమ్మతో తెలుగులోనే మాట్లాడాలని గట్టిగా పట్టుబడతాను. అదే పిల్ల వంటింట్లో హంగేరియన్‌లో అడిగితే నేనూ హంగేరియన్‌లోనే జవాబిస్తాను. ఏది పట్టుకోవాలో, ఏది వదలాలో నాకే ఒక లెక్క లేదు.

కోల్బాస్ సంగతీ అంతే. లెచోలో ఆ పంది మాంసపు సాసేజ్ ముక్కలు చాలామంది వేస్తారు. మా ఇంట్లో పంది మాంసం వండం. బడిలో తింటుందని తెలుసు, తినొద్దని ఎన్నడూ అనలేదు. మొన్న, "నేను పెద్దయ్యాక మా ఇంట్లో కోల్బాస్ వేస్తాను, నువ్వు వచ్చి తింటావా?" అని అడిగింది. తిననని చెప్పాను. "అయితే నీకు వేరే గిన్నెలో వండుతా" అంది. అందులో పోపు వేస్తావా అని అడగాలనిపించింది, అడగలేదు.