చప్పట్లెందుకురా?

పన్నెండు దాటింది. ఇది రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

ఆదివారం కదా, కిట్టు గ్యాంగు మళ్ళీ మా హాల్లోనే. నిజాంపేట రోడ్డుని తిట్టుకుంటూ అందరూ చేరేసరికి నాలుగైంది. ఆట అంటే అన్‌నోన్ ఆర్మీస్, తలా ఒక పాత్ర తీసుకుని డైసు వేస్తూ కథ నడిపే ఆట. బాగానే సాగింది, కథలో గుట్టు బయటపెట్టింది నా నర్సు క్యారెక్టరే. అది సరే.

కథలో ఆ నర్సు కళ్ళముందే ఒక పిల్లాడు పోతాడు. చేతులు కట్టేసి ఉన్నాయి, ఏమీ చేయలేదు. డైసు వేశాను, గట్టెక్కాను. కిట్టు నా కాగితం మీద, పాత్ర మనసు ఎంత గట్టిపడిందో లెక్కపెట్టే గడుల్లో, నిస్సహాయత వరసలో ఒకటి నింపి, "వదినా, గట్టిపడ్డావ్! ఇక చిన్నాచితకా వాటికి డైసు కూడా అక్కర్లేదు" అన్నాడు. అందరూ చప్పట్లు. ఒకడైతే ఈల. అక్కడ పిల్లాడు పోయాడురా బాబూ!

అప్పట్నుంచీ మనసు చిరచిరలాడుతూనే ఉంది. దీనికంటే కాల్ ఆఫ్ క్తుల్హూయే నయం అనుకున్నాను. 1981 నాటిది, ఇలాంటి ఆటే, భయం కథలతో. అందులో పాత్ర మతికి పాయింట్లుంటాయి. ఘోరమైనదేదో చూసి ఒక్క దెబ్బకి 5 పాయింట్లో ఆపైనో మతి పోతే తెలివి మీద డైసు వేయాలి. గెలిస్తే పిచ్చెక్కుతుంది, చూసిందేమిటో అర్థమైపోయింది కనక. ఓడితే మనసు దాన్ని పూడ్చేసుకుంటుంది. మొదటిసారి అలా మతి తప్పితే, ఆ ఘోరాల గురించిన రహస్య విద్య ఒకటుంది, అందులో 5 పాయింట్లు వస్తాయి, కానీ 99 లోంచి ఆ విద్య ఎంతో అంత కోసేసి, మిగిలిందే మతికి హద్దు అంటారు. ఇచ్చిన చేత్తోనే లాక్కుంటారు. న్యాయం అది. మరి మేమాడే ఈ అన్‌నోన్ ఆర్మీస్‌లో? మొద్దుబారితే బహుమతా?

గిన్నెలు సర్దుతుంటే నాన్న ఐసీయూ రోజులు గుర్తొచ్చాయి. బయట వరండాలో మా పక్కనే ఒక పెద్దావిడ. లోపల్నుంచి ఎవరిదో ఏడుపు వినిపిస్తుంటే ఆవిడ స్టీలు డబ్బా విప్పి పులిహోర తినేది, ఎండుమిరపకాయలు ఏరి మూతలో పెడుతూ. మనిషేనా ఈవిడ అనుకున్నాను. "తినమ్మా, రాత్రి పిలిస్తే పరిగెత్తాల్సింది నువ్వే" అంది నాతో. కొన్నాళ్ళకి నేనూ అదే బెంచీ మీద చపాతీ తింటున్నాను. స్ట్రెచర్ వస్తే చక్రాలు తగలకుండా కాళ్ళు పైకి తీసుకున్నాను, ముద్ద ఆపలేదు. ఆ రాత్రే రక్తం కోసం పరిగెత్తాను, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను, చెయ్యి వణకలేదు.

అంటే కిట్టు రూలు కరెక్టే. గట్టిపడితే పని జరుగుతుంది. ఆ ఆటా ఊరికే ఏం ఇవ్వదు. ఇప్పటి ఎడిషన్‌లో హింస చూసి చూసి గట్టిపడేకొద్దీ కొట్లాట బాగా వస్తుంది, మనుషులతో కలవడం తగ్గిపోతుంది. రూలు రాసినవాళ్ళు ఏదో ఒక వరండాలో కూర్చునే ఉంటారు. చప్పట్లు మాత్రం నాకిప్పటికీ ఒళ్ళుమంటే.

అదే వరండాలో తమ్ముడు గోడకానుకుని ఏడుస్తుంటే, "ఏడ్చి ఏం లాభం, ఆ బిల్లు చూడు" అన్నానట. నాకు గుర్తే లేదు. వాడికి బాగా గుర్తు, సంక్రాంతికి వచ్చిన ప్రతిసారీ ఎత్తుతాడు. ఈసారి వాణ్ణి ఆటలో కూర్చోబెడితే నా సంగతి అర్థమవుతుందేమో. అబ్బే, డైసు చూడగానే పాములూ నిచ్చెనలూ ఏవే అంటాడు వాడు.